చెల్లె పార్టిషన్ చేస్తున్నదట

మా అన్న పదకొండు రోజులు నాతో మాట్లాడలేదు. కారణం, నేను నా ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసుకోవడం. ఇలా చెబితే ఎవరూ నమ్మరు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఇబ్రహీంపట్నం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకునే ఉద్యోగం నాది. పాఠాలు చెప్పను. పిల్లలు చెడగొట్టినవి బాగుచేస్తాను. ఏటా సెలవుల్లో అరవై మిషన్లకు ఒకటే పెన్‌డ్రైవ్ పెట్టి, 'నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్' అని నొక్కుకుంటూ పోతాను. నాకు ఓపిక తక్కువ. అందులోనూ, ఏం వేస్తున్నానో నాకే తెలియకుండా నెక్స్ట్ నొక్కడం అంటే ఒళ్ళు మండుతుంది. పదిహేనేళ్ళు మండించుకున్నాక, కిందటి వేసవి సెలవుల్లో నా సొంత ల్యాప్‌టాప్‌నైనా నెక్స్ట్ నొక్కకుండా కట్టుకుందామని మొదలుపెట్టాను.

లినక్స్ అంటే విండోస్ లాగే కంప్యూటర్‌ను నడిపించే సిస్టమ్. నేను ఎంచుకున్నదాన్ని సోర్స్ నుంచి కట్టుకునే లినక్స్ అంటారు. మామూలు లినక్స్ మనకు వండిన అన్నం పంపిస్తుంది. ఇది బియ్యం పంపిస్తుంది. ఎసరు మనమే పెట్టుకోవాలి, ఉప్పు ఎంతో మనమే చెప్పాలి, పొయ్యి దగ్గర మనమే కూర్చోవాలి. ఒక్కో ప్రోగ్రాము మన మిషన్ మీదే తయారవుతుంది, అంటే కంపైల్ అవుతుంది. కొన్నింటికి పది నిమిషాలు, కొన్నింటికి పగలంతా. నా ల్యాప్‌టాప్ ఏడేళ్ళ పాతది, బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, కరెంటు పోతే అదీ పోతుంది. ఇన్వర్టర్ మీద నమ్మకంతో భోజనాల బల్ల మీద, ఫ్యాను కింద పెట్టుకుని కూర్చున్నాను.

ఇక మా ఇంటి సంగతి. మాకు కొంగరకలాన్ అవతల రెండెకరాల పది గుంటల భూమి ఉంది. అన్న దాంట్లో వంకాయ, బెండ, బీర వేస్తాడు. చుట్టూ పొలాలన్నీ ప్లాట్లయి, రాళ్ళు పాతేసి ఉన్నా, మాది మాత్రం ఇంకా పచ్చగానే ఉంది. సోమవారం సోమవారం కూరగాయలు తెచ్చి ఇబ్రహీంపట్నం మార్కెట్లో కూర్చుంటాడు. వచ్చేటప్పుడు మా ఇంటి ముందు బండి ఆపి, హారన్ కొట్టి, ఒక సంచి గేటుకు తగిలించి పోతాడు. అందులో ఏమున్నాయో, ఎన్ని ఉన్నాయో ఆయనకూ తెలియదు. చేతికి వచ్చినన్ని వేస్తాడు. నా పెళ్ళయి ఈ ఊరికి వచ్చినప్పటి నుంచి అంతే.

అమ్మ ముందే పోయింది. బాపు పోయి నాలుగేళ్ళయింది. భూమి మాత్రం ఇంకా బాపు పేరు మీదే ఉండిపోయింది. దాన్ని అన్న పేరు మీదికి మార్చుకోవాలి. మా వైపు దీన్ని విరాసత్ అంటారు. దానికి నేను నాకేమీ వద్దని ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. మేమిద్దరమే పిల్లలం. సగం నాదని చట్టంలో ఉందని నాకు తెలుసు. తెలిసినా, తెలిసినట్టు ఎప్పుడూ ఉండలేదు. సంతకం పెట్టిన చెల్లెలికి పుట్టింట్లో పీట ఉంటుంది, పెట్టని చెల్లెలికి కోర్టు ఉంటుంది. నేను పుట్టి పెరిగిన ఊళ్ళో ఇది ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలుసు. నేనూ పెడతాననే అన్నాను. అన్న బాపు పాసుపుస్తకమూ పాత కాగితాలూ నాకు ఇచ్చి వాటిని స్కాన్ చేసి పెట్టమన్నాడు కూడా.

నేను పని మొదలుపెట్టిన శనివారం వదిన వచ్చింది. చింతచిగురు తెచ్చింది. మా వదిన ఊరికే కూర్చునే మనిషి కాదు. వంటింట్లో చాట ముందు పెట్టుకుని, ఈనెలు తీస్తూ కూర్చుంది. నేను హాల్లో ఫోన్ చెవికీ భుజానికీ మధ్య నొక్కిపట్టి, మా ల్యాబ్ ఇన్‌చార్జ్ సారుతో మాట్లాడుతున్నాను. ఆయనది కోస్తా, బొంగులూరు దగ్గర వెంచర్లో ఇల్లు కట్టుకున్నారు. ఈ రకం లినక్స్ ఆయన ఎప్పుడో వేసి, సగంలో వదిలేశారు. అందుకని నా మీద కొంచెం జాలి.

"మేడమ్, డిస్క్ తుడిచేసే ముందు ఒకటికి రెండుసార్లు చూసుకోండి. తరవాత ఏడ్చినా రాదండి," అన్నారు.

ఆ మాటలు వదినకు వినపడలేదు. నావి మాత్రం వినపడ్డాయి. డిస్క్‌ను ముక్కలు చేసుకోవడాన్ని పార్టిషన్ చేయడం అంటారు. ఒక్కో ముక్క ఒక్కో పనికి. సిస్టమ్ ఉండే ముక్కను రూట్ అంటారు, మన సొంత ఫైళ్ళు ఉండే ముక్కను హోమ్ అంటారు. కంప్యూటర్ తెలిసినవాళ్ళకు ఇందులో వింతేమీ లేదు. చింతచిగురు ఏరుకునే మనిషికి వినిపించింది ఇది:

"అవ్ సార్, ఇయ్యాల్నే పార్టిషన్ చేస్తున్న. పాతది ఏం ఉంచుతలేను, మొత్తం తుడిచేస్తున్న. నాలుగు ముక్కలు. పెద్దది హోమ్‌కే. హోమ్ వేరేనే ఉండాలె సార్, కలిసుంటే రేపు లొల్లి. సంతకం గూడ చూసుకున్న, సరిగ్గనే ఉన్నది. బాపు పాస్‌బుక్కు, కాగితాలన్ని తీసి నా దగ్గర భద్రంగ పెట్టుకున్న. లేదు సార్, ఎవర్ని అడిగేది లేదు. నాది నేనే చేసుకుంట."

సంతకం అంటే, డౌన్‌లోడ్ చేసిన ఫైలు అసలైనదా, మధ్యలో ఎవరైనా మార్చారా అని చూసుకోవడానికి దాంతోపాటు వచ్చే గుర్తు. బాపు కాగితాలు తీసిపెట్టుకోవడం అంటే, ఆ స్కాన్లు డిస్క్‌తోపాటు తుడిచిపెట్టుకుపోకుండా పెన్‌డ్రైవ్‌లో వేసుకోవడం. ఇంత వివరం ఇప్పుడు రాస్తున్నాను కానీ, అప్పుడు నా చూపంతా తెర మీదే ఉంది.

వదిన వంటింట్లోంచి వచ్చింది. చాటలో సగం చిగురు ఏరకుండానే ఉంది.

"పోతున్న పిల్లా," అంది.

"చాయ్ తాగి పో వదినె."

"వద్దు, పనున్నది."

తలుపు దగ్గర ఒక్క క్షణం నిలబడి నా వంక చూసింది. ఆ చూపు గుర్తుంది. ఆమెకు తలనొప్పేమో అనుకున్నాను, అంతే.

ఆ తరువాత రెండు రోజులు నేను ఈ లోకంలో లేను. ఈ రకం సిస్టమ్‌లో అన్నిటికన్నా నాకు నచ్చింది ఒక జాబితా. ఏ ప్రోగ్రాముకు ఏ సౌకర్యాలు కావాలో, ఏవి అక్కర్లేదో అందులో రాయాలి. వద్దనుకున్నదాని ముందు మైనస్ గుర్తు పెట్టాలి. ప్రింటర్ ఉందా? లేదు, మైనస్. బ్లూటూత్ వాడతావా? వాడను, మైనస్. నువ్వు ఏమీ రాయకపోతే ఎవరో అనుకున్నదే నీకు వస్తుంది. అది తప్పని కాదు, చాలాసార్లు మంచిదే ఉంటుంది. కానీ నిన్ను అడిగినవాళ్ళుండరు. ఇక్కడ ప్రతీదీ అడుగుతుంది. ఏ టైమ్ జోన్, ఏ భాషలు, ఏ కీబోర్డు. తెలుగు కావాలా అంటే కావాలన్నాను. కంప్యూటర్‌కు ఒక పేరు పెట్టమంటుంది. అప్పటికే అది చెయ్యి ఆనించలేనంత వేడెక్కి ఉంది కాబట్టి 'కుంపటి' అని పెట్టాను. నా జీవితంలో నన్ను ఇన్ని ప్రశ్నలు వరసగా అడిగినవాళ్ళు ఎవరూ లేరు. పెళ్ళిచూపుల్లో కూడా ఇంతకన్నా తక్కువే అడిగారు.

మా ఆయన ఆదిబట్లలో ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేస్తాడు. బయటికి పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి తెర మీదికి వంగి చూసేవాడు. గీతలు గీతలుగా అక్షరాలు పైకి పరిగెడుతూ ఉండేవి.

"ఉడికిందా?" అనేవాడు.

"ఇంకా లేదు."

"మాడుతదేమో చూడు," అని నవ్వుకుంటూ పోయేవాడు. నేను ల్యాప్‌టాప్ కింద రెండు అగ్గిపెట్టెలు పెట్టి గాలి ఆడేట్టు చేశాను.

సోమవారం హారన్ వినపడలేదు. మధ్యాహ్నం గేటు చూస్తే సంచి లేదు. కోత లేదేమో అనుకున్నాను. ఎండాకాలం బోరు నీళ్ళు తగ్గుతాయి, అదేమీ కొత్త కాదు.

ఇక ఆఖరికి కర్నెల్ అనే భాగం మిగిలింది. సిస్టమ్‌కు అదే గుండెకాయ. దాంట్లో కొన్ని వందల ప్రశ్నలుంటాయి. ఈ సామానును నడిపే డ్రైవర్ ప్రోగ్రాము కావాలా, ఆ సామానుకు కావాలా అని. మైనస్‌లు పెట్టీ పెట్టీ నాకు చెయ్యి తిరిగింది. కొట్టేయడం అలవాటైపోయింది. చూడని పేరు కనిపిస్తే చాలు, ఇది నాకెందుకు అని తీసేశాను. పగలంతా కంపైల్ అయింది. రీబూట్ చేశాను. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు వచ్చి ఆగిపోయాయి. రూట్ దొరకలేదట. ఉన్న డిస్క్‌ను గుర్తుపట్టే డ్రైవర్‌ను కూడా నేనే వద్దని కొట్టేశానని తెలుసుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులు ఇంట్లో అందరి మీదా అరిచాను. అందరూ అంటే మా ఆయన ఒక్కడే.

సారుకు ఫోన్ చేస్తే, "నేను వదిలేసింది సరిగ్గా అక్కడేనండి," అన్నారు సంతోషంగా.

రెండో సోమవారం కూడా సంచి రాలేదు. అప్పుడు మాత్రం మనసులో ఏదో గుచ్చుకుంది. అన్నకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. వదినకు చేశాను.

"పొలం కాడ ఉన్నడు," అంది.

"పానం మంచిగున్నదా వదినె?"

"మంచిగనే ఉన్నది."

"సోమారం రాలే?"

"వచ్చిండు. మార్కెట్‌కు వచ్చిండు." ఆ తరువాత ఫోన్ పెట్టేసింది.

మార్కెట్‌కు వచ్చి మా ఇంటి ముందు నుంచే పోయి ఆగలేదన్నమాట. నేనేం చేశానా అని వెనక్కి తలచుకుంటే ఏమీ తట్టలేదు. తట్టకపోవడంతో నాకు కోపం వచ్చింది. బాధ కలగాల్సిన చోట నాకు ముందు కోపమే వస్తుంది. అన్నకు పని ఉంటే ఆయనే వస్తాడు, నేనెందుకు పోవాలి అనుకుని మళ్ళీ కర్నెల్ ముందు కూర్చున్నాను. ఈసారి కొట్టేసేముందు ప్రతి పేరూ చదివాను.

బుధవారం పొద్దున పదిన్నరకు అన్న వచ్చాడు. కొత్త కర్నెల్ కంపైల్ అవుతోంది. చెప్పులు విడిచాడు కానీ లోపలికి రాలేదు. వాకిట్లో మెట్టు మీద కూర్చున్నాడు. నీళ్ళు తెచ్చి ఇచ్చాను. తీసుకుని పక్కన పెట్టాడు, తాగలేదు. మా వైపు ఇచ్చిన నీళ్ళు ముట్టలేదంటే తగువుకు వచ్చినట్టే.

"చెల్లె, ఒక్క మాట అడుగుత. నిజం జెప్పు."

"అడుగు."

"నేను నీకేం తక్కువ జేసిన?"

నాకు ఏం అర్థం కాలేదు. ఆయన గొంతు మామూలుగా లేదు. నిద్ర లేనట్టు కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"పార్టిషన్ చేస్తున్నవంట గద," అన్నాడు. "ఎవలో సార్‌తోని మాట్లాడుతున్నవంట. ఆయన వకీలా?"

"ఎవరన్నరు?"

"మీ వదినె ఇన్నది. మొత్తం తుడిచేస్తున్న అన్నవంట. నాలుగు ముక్కలు, పెద్దది నాకే అన్నవంట. ఇల్లు గూడ వేరే ఉండాలె, కలిసుంటే లొల్లి అన్నవంట. సంతకం చూసుకున్నవంట. బాపు కాగితాలు నీ దగ్గర దాచుకున్నవంట. ఎవర్ని అడిగేది లేదన్నవంట." ఒక్కొక్క మాటకు ఒక్కొక్క వేలు మడిచాడు. రెండో చెయ్యి కూడా కావలసి వచ్చింది. "నన్ను అడిగితే నేను కాదంటుంటినా చెల్లె? వకీలు దాక ఎందుకు పోయినవ్?"

నవ్వు వచ్చేసింది. ఆపుకోలేకపోయాను. ఎదుటి మనిషి పదకొండు రోజులుగా నలిగిపోయి వచ్చి కూర్చుంటే నవ్వడం తప్పే, కానీ నవ్వాను. చెయ్యి పట్టుకుని లేపి, లోపలికి తీసుకొచ్చి, ల్యాప్‌టాప్ ముందు నిలబెట్టాను.

"గిదే పార్టిషన్," అన్నాను.

"గిదేంది?"

"కంప్యూటర్‌ల ఉన్న జాగను ముక్కలు చేసుకునుడు. దాన్నే పార్టిషన్ అంటరు. చూడు." ఇంకో కిటికీ తెరిచి నాలుగు వరసలు చూపించాను. "గిది బూట్‌ది. గిది స్వాప్. గిది రూట్. గీ పెద్దది హోమ్, నా ఫైళ్ళు పెట్టుకునే జాగ."

వంగి, ముక్కు తెరకు తగిలేంత దగ్గరగా చూశాడు. వేలితో నాలుగు వరసలూ లెక్కపెట్టుకున్నాడు.

"మరి సంతకం?"

"ఫైలు అసలుదా, నకిలీదా అని చూసే సంతకం."

"ఆ సార్?"

"మా ల్యాబ్ సార్ అన్నా. బొంగులూరుల ఉంటడు. ఆయనకు భూమి సంగతి ఏం ఎర్క?"

అన్న కుర్చీలో కూలబడ్డాడు. భుజాలు దిగిపోయాయి. తరువాత నవ్వు మొదలైంది. నవ్వి నవ్వి దగ్గు వచ్చింది. బయటికి పోయి తనే ఆ గ్లాసు తెచ్చుకుని గటగటా తాగి, ఇంకో గ్లాసు అడిగాడు. ఫోన్ తీసి, వదినకు కలిపి, స్పీకర్ పెట్టాడు.

"ఓయ్, ఏం లేదే! కంప్యూటర్‌ల పార్టిషనట. భూమిది గాదు!"

"నిజంగనా?" అంది వదిన. ఆ వెంటనే పెద్దగా ఊపిరి వదిలిన చప్పుడు. "దేవుడా! పది రోజుల సంది నాకు బుక్క దిగుతలేదు."

నేను రెండో గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను. నాకూ నవ్వుగానే ఉంది అప్పటిదాకా. వదిన ఊపిరి విన్నాక నవ్వు పోయింది. ఆమెకు బుక్క దిగకపోవడానికి కారణం రోగం కాదు, దొంగలు కాదు. నేను. నేను నాది అడుగుతానేమో అన్న భయం ఒక్కటే ఇద్దరు మనుషులకు పది రోజులు తిండీ నిద్రా లేకుండా చేసింది.

"నాకు ఎర్కే," అన్నాడు అన్న, ఫోన్ జేబులో పెట్టుకుంటూ. "నా చెల్లె అసొంటిది కాదని మీ వదినెకు మొదలే చెప్పిన. ఆమె ఇనలే."

అదే జేబులోంచి మడత పెట్టిన కాగితం ఒకటి తీశాడు. కొట్లాటకు వచ్చినా కాగితం మాత్రం తెచ్చుకునే వచ్చాడు. బల్ల మీద పరిచి, అరచేత్తో మడతలు సాపు చేసి, పైన పెన్ను పెట్టాడు.

"ఎట్లాగు వచ్చిన గద. సంతకం పెట్టియ్యి. మిగిలింది నేను చూసుకుంట."

టైపు చేసిన కాగితం. నా పేరు, బాపు పేరు, సర్వే నంబరు. ఇంకో రోజైతే కింద గీత ఎక్కడుందో చూసి పెట్టేసేదాన్ని. ఆ వారమంతా ప్రతి పేరూ చదివి చదివి చదవడం అలవాటై ఉంది. చదివాను. నా తండ్రిగారి భూమిలో నాకు ఎలాంటి హక్కు గానీ వాటా గానీ అక్కరలేదని నా ఇష్టపూర్వకంగా తెలియజేస్తున్నాను, అని ఉంది.

ఇష్టపూర్వకంగా అన్న మాట దగ్గర ఆగిపోయాను. నా ఇష్టం ఏమిటని నాలుగేళ్ళలో ఒక్కరూ అడగలేదు. వాళ్ళు అడగలేదన్న మాట పక్కన పెడితే, నన్ను నేనే అడుక్కోలేదు. పక్కన ల్యాప్‌టాప్ మీద అక్షరాలు పరిగెడుతూనే ఉన్నాయి. పెన్ను చేతిలోకి తీసుకుని, మళ్ళీ కింద పెట్టాను.

"అన్నా, అసొంటిది అంటే ఎసొంటిది?"

"ఏంది?"

"నీ చెల్లె అసొంటిది కాదన్నవు గద."

"గదే… భూమిల పాలు అడిగేది." ఇంకా నవ్వు ముఖంతోనే ఉన్నాడు. "ఊళ్ళె చూస్తలేవా, ప్లాట్లు వచ్చినంక ఎంతమంది అక్కచెల్లెళ్ళు కేసులేసిన్రో."

"అడిగితే ఏమయితది?"

"నువ్వు అడగవు గద."

"అడుగుతున్న," అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అన్న ముఖంలో నవ్వు ఒక్కసారిగా పోలేదు. మెల్లగా పోయింది. అది చూడటం కష్టంగా ఉంది.

"ఏం జేస్కుంటవ్? అమ్ముతవా?"

"అమ్మను."

"మరి?"

"ఏం జేస్తనో ఎర్క లేదు. దున్నేది నువ్వే దున్ను. నా పాలు నా పేరు మీద ఉండాలె, అంతే."

"నీ పేరు మీద ఉంటే నేను దున్నుడు ఏంది? నేను నీకు కౌలుదారునా?" లేచి నిలబడ్డాడు. "ఇరవై ఏండ్లు నేను దున్నిన. బోరు నేనేయించిన. బాపు మంచాన పడితే ఎత్తిందెవరు, కడిగిందెవరు? నువ్వు పండుగకు వచ్చినట్టు వచ్చి, చూసి పోయినవ్."

అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. సిగ్గుతో నా ముఖం వేడెక్కింది. బాపు మంచాన పడ్డ ఆ ఏడాది నేను ఎన్నిసార్లు పోయానో వేళ్ళ మీద చెప్పొచ్చు. అన్న ఆ లెక్క చెప్పలేదు. చెప్పి ఉంటే నేను సంతకం పెట్టేసేదాన్నేమో.

"అవ్," అన్నాను. "అన్ని నువ్వే చేసినవ్."

"మరి?"

"అయినా గూడ నాకు సగం గావాలె అన్నా."

కాగితం తీసి మడత పెట్టాడు. పాత మడతల మీదే, జాగ్రత్తగా. పెన్ను జేబుకు పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, నా వైపు చూడకుండా అన్నాడు:

"అంటే మీ వదినె సరిగ్గనే ఇన్నదన్నట్టు."

అవునన్నాను. బండి స్టార్ట్ చేసుకుని పోయాడు.

కర్నెల్ ఆ మధ్యాహ్నమే తయారైంది. రీబూట్ చేస్తే ఈసారి రూట్ దొరికింది. లాగిన్ అడిగింది. పాస్‌వర్డ్ కొట్టి లోపలికి పోయాను. పదకొండు రోజులు కష్టపడి కట్టుకున్నది, అన్నీ నేను చెప్పినట్టే ఉన్నాయి, తెలుగు అక్షరాలు చక్కగా వస్తున్నాయి. సంతోషం కలగాలి కదా అని కాసేపు ఎదురుచూశాను. కలగలేదు. షిఫ్టు నుంచి వచ్చిన మా ఆయన తెర చూసి "ఉడికిందే!" అన్నాడు. అప్పుడు ఏడ్చాను. ఆయన కంగారుపడి, ఏదో చెడిపోయిందనుకుని ల్యాప్‌టాప్ మూత వేశాడు. విషయం అంతా చెప్పాను. మీ అన్నాచెల్లెళ్ళ ముచ్చట, నేను చెప్పేది ఏం లేదు అన్నాడు. నిజంగానే ఆ తరువాత ఒక్క మాటా అనలేదు. అందుకు ఆయన మీద ఇప్పటికీ కొంచెం కోపం, కొంచెం కృతజ్ఞత ఉన్నాయి.

మాట వెనక్కి తీసుకుందామని ఆ నాలుగు రోజుల్లో ఎన్నిసార్లు అనుకున్నానో. ఫోన్ చేతిలోకి తీసుకునేదాన్ని. అన్నా, వద్దులే, నవ్వులాటకు అన్నాను అంటే చాలు, అన్నీ మళ్ళీ మామూలైపోతాయి. వదిన చింతచిగురు తెస్తుంది. ఆ మాట అనలేకపోయాను. నవ్వులాటకు అనలేదు కాబట్టి.

సోమవారం నేనే మార్కెట్‌కు పోయాను. అన్న ఎప్పుడూ కూర్చునే చోటే గోనెసంచి పరుచుకుని కూర్చున్నాడు. ముందు వంకాయలు, బెండకాయలు కుప్పలు పోసి ఉన్నాయి. వదిన పక్కనే ఉంది. నన్ను చూసి తల వంచుకుని కరివేపాకు సర్దడం మొదలుపెట్టింది. ఇద్దరు ముగ్గురు కొనేవాళ్ళుంటే వాళ్ళ వెనుక నిలబడ్డాను. నా వంతు వచ్చింది.

"అన్నా," అన్నాను.

తల ఎత్తాడు. ముఖంలో కోపం లేదు. కోపం ఉంటుందనుకుని, దానికి సిద్ధపడి పోయాను నేను.

"ఎంత?" అన్నాడు.

వెంటనే అర్థం కాలేదు. తరువాత బెండకాయల వైపు చూపించి, "కిలో," అన్నాను.

తక్కెడలో ఒకవైపు కిలో రాయి పెట్టాడు. రెండోవైపు బెండకాయలు వేస్తూ, ముదురువి ఏరి పక్కన పడేస్తూ, మాట్లాడాడు.

"సర్వేయర్ బేస్తారం నాడు వస్తడు. సగం సగం కొలిపిద్దాం. బోరు ఉన్న దిక్కు నువ్వు తీసుకో. పొద్దుగాల్నే రా."

"బోరు నీది అన్నా. నువ్వేయించినవ్."

"బేస్తారం మాట్లాడుకుందాం."

ముల్లు నిలబడేదాకా చూశాడు. నా సంచి పట్టమని, అందులో వంచాడు. తరువాత కుప్పలోంచి గుప్పెడు తీసి పైన వేశాడు. తూకం అయ్యాక, బేరానికి వచ్చినవాళ్ళ మనసు కష్టపెట్టకుండా అందరికీ వేసే కొసరు అది. నా వెనుక నిలబడ్డ మనిషిని ముందుకు రమ్మన్నట్టు చూసి, పక్కకు తప్పుకున్నాను. మా అన్న నాకు ఏనాడూ కొసరు వేయలేదు. ఏనాడూ తూచి ఇవ్వలేదు కాబట్టి.